ముందుపళ్ళ మీది గాడి

మనుషుల మొహాలు నాకు గుర్తుండవు, పళ్ళు గుర్తుంటాయి. తొంభైల్లో ఈ సంగతి గొప్పగా చెప్పుకునేదాన్ని. బందరు నుంచి అవనిగడ్డ వెళ్ళే బస్సులో ఎదుటి మనిషి ఆవులిస్తే చాలు, వాడి పుట్టుపూర్వోత్తరాలు నా చేతిలో పడినట్టే ఉండేది. పళ్ళ మీద గోధుమరంగు చారలుంటే మెట్ట నుంచి పనికి వచ్చినవాడు, చిన్నప్పుడు ఫ్లోరైడు నీళ్ళు తాగి పెరిగాడు. ముందుపళ్ళు శుభ్రంగా ఉండి దవడపళ్ళు గుల్లయిపోయాయంటే కాలవ కింద ఊళ్ళో బెల్లమూ పంచదారా తిని పెరిగిన బిడ్డ. చొక్కా ఇస్త్రీ చేయించుకుని, సెంటు పూసుకుని కూర్చున్న పెద్దమనుషులు నోరంతా తెరిచి తమ గుట్టు బయటపెట్టుకుంటుంటే నాకు లోపల్లోపల నవ్వొచ్చేది.

మాది చిలకలపూడి. రోల్డుగోల్డు నగలకి రాళ్ళు పొదిగే పని నాది. కంటికి భూతద్దం బిగించుకుని పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా నువ్వుగింజంత రాళ్ళని వాటి గుంటల్లో కూర్చోబెట్టేదాన్ని. చదువు టెన్తుతో ఆగిపోయింది. ఆపింది ఇంట్లోవాళ్ళు, నేను ఆగలేదు. సాయంత్రం నాలుగింటికి భూతద్దం సంచిలో వేసుకుని సైకిలెక్కి బందరు లైబ్రరీకి వెళ్ళేదాన్ని.

ఆ లైబ్రరీకి వచ్చే జనాన్ని చూస్తే నాకు ఒళ్ళు మండేది. సగం మంది ఫ్యాను కింద కుర్చీ కోసం వచ్చేవాళ్ళు. మిగతా సగం ఒకే పేపరుని నాలుగు ముక్కలుగా విడదీసుకుని, నాది అయిపోయింది నీదివ్వు అని సాయంత్రమంతా మార్చుకునేవాళ్ళు. వెనకాల బీరువాల్లో ఇన్ని వేల పుస్తకాలున్నాయని వాళ్ళలో ఒక్కడికీ పట్టేది కాదు. ఆడమనిషి గుమ్మంలో కనిపిస్తే అటెండరు వారపత్రికల బల్ల వైపు చెయ్యి చూపించేవాడు.

"సీరియళ్ళు అటు పక్కనమ్మా."

"సీరియళ్ళు వద్దండీ. పాత ఎముకల మీద పుస్తకం ఉందని కేటలాగులో చూశాను."

"డాక్టరు చదువుతున్నారా?"

"కాదు. రాళ్ళు పొదుగుతాను."

అతను నా వైపు జాలిగా చూసి నిచ్చెన తెచ్చాడు. ఇంగ్లీషు పుస్తకం, బొమ్మలతో ఉంది. వెనక అంటించిన కాగితం మీద ఒక్క తేదీ ముద్ర కూడా లేదు. బందరులో నాకంటే ముందు దాన్ని ఎవరూ తీయలేదు. నాకు అప్పుడు కలిగిన గర్వం ఇంతా అంతా కాదు. పక్కన నిఘంటువు పెట్టుకుని రెండు వేసవులు దాన్ని నమిలి మింగాను.

ఆ పుస్తకం చెప్పినదాని ముందు మా ఊరి పెద్దల మాటలన్నీ నాకు వట్టి కబుర్లయిపోయాయి. ఎముక మనిషి బతికినన్నాళ్ళూ మారుతూనే ఉంటుందట. పన్ను మాత్రం ఒకసారి తయారైతే ఇక మారదు. చిన్నప్పుడు తాగిన నీటి గుర్తు, తిన్న తిండి గుర్తు దానిలో అలాగే ఉండిపోతాయి. మనిషి ఎక్కడో పుట్టి ఇంకెక్కడో చచ్చిపోయినా, వందల ఏళ్ళ తరవాత ఆ పంటిని పరీక్షశాలలో పెట్టి చూస్తే ఏ నేల నీళ్ళు తాగి పెరిగాడో చెప్పొచ్చు. పన్ను తయారవుతున్న వయసులో పెద్ద జబ్బో ఆకలో వస్తే, పైపొర మీద అడ్డంగా సన్నటి గీత పడుతుంది. గీత ఎంత ఎత్తులో ఉందో చూస్తే ఏ వయసులో వచ్చిందో తెలుస్తుంది. రాతి మీద నూరిన గింజలు తిన్న పాతకాలపు వాళ్ళ పళ్ళు రాతిపొడి వల్ల చదునుగా అరిగిపోయేవి. నారని పళ్ళతో లాగి పురిపెట్టిన వాళ్ళ ముందుపళ్ళ అంచున గాడి పడేది. ఇవన్నీ నాకు కంఠతా వచ్చు. వచ్చని అందరికీ తెలిసేలా మాట్లాడేదాన్ని కూడా.

మా అక్కవాళ్ళు అవనిగడ్డలో ఉండేవాళ్ళు. మా బావకి ఎరువుల కొట్టు ఉండేది. ఆ రోజుల్లో అందరికీ పట్టినట్టే అతనికీ రొయ్యల పిచ్చి పట్టింది. పచ్చటి పొలాన్ని ఉప్పునీటి గుంటగా మార్చడాన్ని అతను అభివృద్ధి అనేవాడు. నాగాయలంక దాటి సముద్రం వైపు వెళ్తే వచ్చే ఒక చేపలుపట్టే వాళ్ళ ఊరి పక్కన చెరువు తవ్వడం మొదలుపెట్టాడు. మూడో రోజున పొక్లెయిన్ తొట్టిలో మట్టితో పాటు పుర్రె ఒకటి పైకి వచ్చింది. కూలీలు పని ఆపేసి గట్టు మీద కూర్చున్నారు.

బావ భయం పుర్రెని చూసి కాదు. డెబ్బై ఏడు నాటి ఉప్పెన వచ్చి అప్పటికి పద్దెనిమిదేళ్ళు. దివిసీమలో ఎక్కడ లోతుగా తవ్వినా ఏదో ఒకటి తగులుతూనే ఉండేది. తగిలిందని తెలిస్తే చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళు వచ్చి గుంట చుట్టూ నిలబడతారు, నా మొగుడేమో, నా తల్లేమో అని. ఆ గుంపు వస్తే చెరువు పని నెల రోజులు ఆగుతుంది. అందుకని నాకు కబురు పెట్టాడు. అంతకుముందు నా చదువుని వెక్కిరించడం తప్ప ఇంకో మాట అనని మనిషి, బస్టాండుకి బండి వేసుకుని ఎదురొచ్చాడు.

"ఏం మరదలా, నీ లైబ్రరీకి ఇన్నాళ్ళకి పని దొరికింది. వచ్చి చూసి, ఇది ఉప్పెనది కాదని ఒక్క మాట చెప్పెయ్."

"చూడకుండా ఎలా చెప్తాను బావా?"

"చూసే చెప్పు. కానీ అదే చెప్పు."

ఆ మాటకి అక్కడే వెనక్కి తిరిగి బస్సెక్కాల్సింది. ఎక్కలేదు. ఇన్నేళ్ళ చదువుకి పరీక్ష రాసే రోజు వచ్చిందని బండెక్కాను.

గోనెపట్టా మీద పుర్రె, కింది దవడ, తొడ ఎముకలు, పక్కటెముకలు కొన్ని. భూతద్దం బిగించుకుని గంటసేపు వాటి ముందు కూర్చున్నాను. కూలీలందరూ నా చుట్టూ మూగారు. సంగతి దాచడం ఎందుకు, నాకు బాగుంది. కనుబొమల ఎముక నున్నగా ఉంది, దవడ చిన్నది. కాబట్టి ఆడమనిషి. పళ్ళు రంపంతో కోసినట్టు చదునుగా అరిగిపోయాయి. పై ముందుపళ్ళలో ఎడమవైపు పంటి అంచున, రాళ్ళు పొదగడానికి మేం గీసే గాడిలాంటి గాడి. పుస్తకంలో ఉన్న ఫొటోకీ దీనికీ తేడా లేదు. ఎముక చూస్తే ముదురు గోధుమరంగు, చేతికి బరువుగా తగిలింది.

"ఆడమనిషి. నలభై దాటాయి. వేల ఏళ్ళ నాటిది" అన్నాను.

"ఉప్పెనది కాదుగా?" అన్నాడు బావ.

"ఉప్పెనేంటి బావా! రాతి మీద నూరుకు తిన్న మనిషి. నార పళ్ళతో లాగిన మనిషి. ఇప్పటివాళ్ళ పళ్ళు ఇలా ఎందుకుంటాయి?"

"విన్నారా?" అని బావ కూలీల వైపు తిరిగాడు. "మా మరదలు బందరు లైబ్రరీ మొత్తం చదివేసింది. లేవండి, పని కానివ్వండి."

పొక్లెయిన్ తోలే మనిషిది ఆ ఊరే. అతను బండి దిగి వచ్చి నెమ్మదిగా అడిగాడు. "వేల ఏళ్ళ కిందట ఇక్కడ నేలెక్కడిదండీ? ఈ దిబ్బలన్నీ సముద్రం వదిలేసి వెనక్కి పోయినవేనని మా తాత చెప్పేవాడు."

"మీ తాత ఏం చదువుకున్నాడు?"

"ఆయన చదువుకోలేదండి."

"మరి ఊరుకో."

అతను వెళ్ళి మళ్ళీ పొక్లెయిన్ ఎక్కాడు. డెల్టా ఎలా పెరిగిందో అదే లైబ్రరీలో, అదే బీరువాలో, పై అరలో ఉంది. అది నేను చదవలేదు. నాకు నచ్చిన పుస్తకం దొరికాక నిచ్చెన రెండో మెట్టు ఎక్కలేదు. పేపరు ముక్కలు మార్చుకునే వాళ్ళని చూసి పళ్ళు కొరికిన మనిషి ఒకే పుస్తకం చదివి అన్నీ చదివినట్టు మాట్లాడింది. వాళ్ళు నయం, రోజుకో పేపరు చదివేవాళ్ళు.

నేను చేతులు కడుక్కుని వచ్చేలోగా, బావ ఆ తొడ ఎముకల్నీ పక్కటెముకల్నీ తొట్టితో తోయించి గట్టు మట్టిలో కలిపేశాడు. గట్టు తొక్కుడు కూడా అయిపోయింది. పుర్రె, దవడ మాత్రం నా సంచి పక్కన ఉన్నాయి కాబట్టి మిగిలాయి. "వేల ఏళ్ళ నాటివి అన్నావుగా, ఇంకెవరొస్తారు వాటి కోసం?" అన్నాడు. నా మాట నా మొహాన కొట్టినట్టే ఉంది. అయినా నేను పెద్దగా గొడవ చెయ్యలేదు. పుర్రె చాలు, పళ్ళు అందులోనే ఉన్నాయి అనుకున్నాను.

మర్నాడు బావ స్నేహితుడొకాయన స్కూటరు మీద దిగాడు. గుడివాడలో ఒక కాలేజీలో చరిత్ర చెప్పే లెక్చరరు. ఆయన వెంట మెడలో కెమెరాతో పేపరాయన. లెక్చరరు గారు పుర్రెని రెండు చేతులా ఎత్తి ఎండలో తిప్పి చూశారు.

"ఘంటసాల బౌద్ధ స్తూపం ఇక్కడికెంత దూరం? సందేహమే లేదు. బౌద్ధ భిక్షువు కపాలం. గుండు చూడండి, ఎంత నున్నగా ఉందో."

నేను ఆగలేకపోయాను. "సార్, జుట్టున్న పుర్రె మీరెక్కడైనా చూశారా?"

బావ దగ్గాడు. లెక్చరరు గారు నన్ను అప్పుడే చూసినట్టు చూశారు.

"ఇది ఆడమనిషి దవడ సార్. భిక్షువు ఎలా అవుతాడు?"

"మీరేం చేస్తుంటారమ్మా?"

"చిలకలపూడిలో రాళ్ళు పొదుగుతాను."

"మంచిది. రాళ్ళ సంగతి మీరు చూసుకోండి. చరిత్ర సంగతి మాకు వదిలెయ్యండి."

పేపరాయన పడీ పడీ నవ్వాడు. ఫొటో తీశాడు. లెక్చరరు గారు పుర్రెనీ దవడనీ స్వీట్ల డబ్బాలో సర్దుకుని స్కూటరు ముందు పెట్టుకుని వెళ్ళిపోయారు. రెండు రోజులకి జిల్లా పేజీలో వచ్చింది. బౌద్ధ భిక్షువు అవశేషాలు అని పెద్ద అక్షరాలు, కపాలం పట్టుకుని దూరంగా చూస్తున్న లెక్చరరు, ఫొటో అంచున నా మోచెయ్యి. నిజం చెప్తున్నాను, ఆయన అబద్ధం చెప్పినందుకు నాకు కోపం రాలేదు. నా మోచెయ్యి మాత్రమే పడినందుకు వచ్చింది. ఆయనకీ నాకూ తేడా ఏమిటంటే ఆయనకి కాలేజీ ఉంది, నాకు లేదు. అంతే.

రెండు వారాలు గడిచాయి. అక్కకి జ్వరమని అవనిగడ్డ వెళ్ళాను. మధ్యాహ్నం అన్నాలయ్యాక ఒక ముసలావిడ వాకిట్లోకి వచ్చి నిలబడింది. అరవై ఉంటాయేమో. చెరువు పక్క ఊరి నుంచి వచ్చింది. వలలు అల్లే మనిషని వేళ్ళ మీది కాయలే చెప్తున్నాయి.

"పళ్ళు చూసిన అమ్మాయివి నువ్వేనా అమ్మా?"

"నేనే మామ్మా. ఏం?"

"పంటి మీద గాడి ఉందని భూతద్దంలో అందరికీ చూపించావంట. పొక్లెయిన్ తోలే అతను మా పక్కింటోళ్ళ కుర్రాడు. అతను చెప్పాడు."

"అవును. పాతకాలపు వాళ్ళు నార అలా లాగేవాళ్ళు."

"ఏ పక్కనుంది?"

ప్రశ్న నాకు వింతగా తోచింది. "ఎడమ పక్కన" అన్నాను.

ఆవిడ వాకిట్లోనే కూలబడింది. అక్క లోపలి నుంచి మంచినీళ్ళు తెచ్చింది. ఆవిడ గ్లాసు పక్కన పెట్టి, చీర కొంగుతో పెదాలు తుడుచుకుని, నా వైపు మొహం ఎత్తి నోరు తెరిచింది.

పళ్ళన్నీ చదునుగా అరిగిపోయి ఉన్నాయి, రంపంతో కోసినట్టు. పై ముందుపళ్ళలో కుడివైపు పంటి అంచున, గాడి.

నేను సంచిలోంచి భూతద్దం తీసి పెట్టుకున్నాను. తీయకపోయినా కనిపిస్తూనే ఉంది. తీసింది చూడటానికి కాదు, ఆవిడ మొహం వైపు చూడకుండా ఉండటానికి.

"దారం పళ్ళతో పట్టి లాగితేనే ముడి బిగుస్తదమ్మా. ఏడేళ్ళప్పటి నుంచి అదే పని. మా ఊళ్ళో వల అల్లే ప్రతి నోట్లో ఉంటది ఇది. అందరికీ కుడి పక్కన. మా చెల్లిది పుర్రచెయ్యి. దానికి ఎడమ పక్కన పడింది. 'నీ నోరు కూడా వంకరే' అని ఏడిపించేదాన్ని."

"పళ్ళు ఇంతలా ఎలా అరిగాయి మామ్మా?" అని అడిగాను.

"ఎండుచేప ఇసకలోనే కదమ్మా ఆరేసేది. ఎంత కడిగినా పంటి కింద కరకరమంటది. అందరివీ ఇంతే."

రాతియుగం మనిషి నా ఎదురుగా కూర్చుని మంచినీళ్ళు తాగుతోంది. బస్సులో ప్రతివాడి నోట్లోకీ తొంగిచూశానని చెప్పానే, అది అబద్ధం. చిలకలపూడిలో మా గుమ్మం ముందు రోజూ చేపల తట్ట దించే ఆవిడ నోట్లోకి ఒక్కరోజు చూడలేదు. చేప మొప్పలు ఎత్తి చూసేదాన్ని, తాజాదో కాదో అని. ఆవిడ నవ్వేది కూడా. ఆ నవ్వులో ఈ గాడి ఉండే ఉంటుంది. పుస్తకంలో ఎక్కడో చలిదేశపు గుహలో దొరికిన ఆడమనిషి పంటిని గంటల తరబడి చూశాను గానీ, నా గుమ్మంలో నవ్విన పంటిని చూసేంత విలువ దానికి ఇవ్వలేదు.

అప్పుడు కూడా నేను ఊరుకోలేదు. "అయినా మామ్మా, పుర్రచేతివాటం వాళ్ళు ఇంకా ఉండొచ్చు కదా. మీ చెల్లెలే అని ఎలా చెప్తాం? వయసు కూడా నలభై పైనే అనిపించింది నాకు" అన్నాను. అరిగిన పళ్ళని బట్టే ఆ నలభై అన్నానని, ఆ లెక్క అప్పటికే చెల్లకుండా పోయిందని తెలిసి కూడా అన్నాను.

ఆవిడ నా మీద కోపం తెచ్చుకోలేదు. "అదే అని నేననట్లేదమ్మా. చూస్తే తెలుస్తది నాకు. చూపించు చాలు" అంది. అప్పుడు మిగతాది చెప్పింది. ఉప్పెనలో ఆ ఇంట్లో నలుగురు పోయారు. ముగ్గురు దొరికారు. చెల్లెలు దొరకలేదు. వాళ్ళింట్లో, మనిషిని కళ్ళతో చూడకుండా పోయారని ఒప్పుకుని చావు నీళ్ళు తల మీద పోసుకోరట. "పద్దెనిమిదేళ్ళు పెద్దలకి పెట్టుకున్నప్పుడల్లా మిగతావాళ్ళ పేర్లు చెప్తా, దాని పేరు దగ్గర నోరు మూసుకుంటా. బతికున్న మనిషికి పెట్టినట్టయితే పాపం కదా. చచ్చిపోయిన మనిషికి పెట్టకపోయినా పాపమే. ఏదో ఒకటి తేల్చుకోవాలి నేను, ఓపికున్నప్పుడే."

మర్నాడు ఇద్దరం చల్లపల్లి, పామర్రు మీదుగా గుడివాడ వెళ్ళాం. బావకి చెప్పలేదు. చెప్తే బండికి అడ్డంగా పడుకునేవాడు. కాలేజీలో లెక్చరర్ల గదిలో అద్దాల బీరువా, దాని పై అరలో పుర్రె, కింద పసుపు అట్టముక్క మీద గుండ్రటి అక్షరాలతో బౌద్ధ భిక్షువు, ప్రాచీన కాలం అని రాసి ఉంది. కాలం ఎంతో ఆయనకీ తెలియదు కాబట్టి ప్రాచీనం అన్నాడు. నేనైతే వేల ఏళ్ళు అని అంకె కూడా వేశాను. ఆ విషయంలో ఆయనే నాకంటే జాగ్రత్తపరుడు.

సంగతంతా చెప్పాను. లెక్చరరు గారు కుర్చీలో వెనక్కి వాలారు.

"పేపర్లో వచ్చేసిందండీ. ప్రిన్సిపాల్ గారు అందరికీ చూపిస్తున్నారు. ఇప్పుడు కాదంటే ఎలా?"

"సార్, ఒక్కసారి ఆవిడ పళ్ళు చూడండి."

"నేను పళ్ళ డాక్టర్ని కాదమ్మా."

గదిలో ఇంకో ముగ్గురు లెక్చరర్లు టీ తాగుతున్నారు. మామ్మ వాళ్ళ మధ్యకి వెళ్ళి నిలబడి నోరు తెరిచింది. వాళ్ళలో ఒకాయన మొహం తిప్పుకున్నాడు. ఇంకొకాయన దగ్గరికొచ్చి ఆవిడ పంటిని చూసి, బీరువాలోకి చూసి, మళ్ళీ ఆవిడ పంటిని చూశాడు. "మాస్టారూ, ఇచ్చెయ్యండి" అన్నాడు. "ఇవాళ ఈవిడ వచ్చింది. రేపు ఊరంతా నోళ్ళు తెరుచుకుని వస్తే స్టాఫ్ రూము చాలదు."

లెక్చరరు గారికి దారి దొరికింది. కాగితం తీశారు. "అయితే మీరు రాసివ్వండి. పుర్రె వేల ఏళ్ళ నాటిదని మీరే చెప్పి నన్ను పొరపాటు పట్టించారని. సంతకం పెట్టండి. రాళ్ళు పొదిగేవారు అని కింద రాయండి, ఎవరైనా అడిగితే అర్థమవుతుంది."

గుండు నున్నగా ఉందని భిక్షువు అన్న మనిషి ఆయన. నా మాట విని ఏదీ అనలేదు. అయినా పొరపాటు నాదని నేను రాయాలి. కలం పట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గే. గోడ పక్కన ఒక మనిషి తన తోడబుట్టినదాన్ని అద్దం అవతల చూస్తూ నిలబడి ఉంటే, నేను నా పేరు గురించి ఆలోచిస్తున్నాను. సంతకం పెట్టమని మామ్మ నన్ను అడగనే లేదు. అద్దం మీద, ఆ ఎడమ పంటికి ఎదురుగా, వేలు ఆనించి నిలబడింది. "ఇదే" అంది, నాతో కాదు, ఎవరితోనూ కాదు.

రాశాను. లెక్చరరు గారు రెండుసార్లు చదువుకుని జేబులో పెట్టుకున్నారు. అట్టముక్క మాత్రం తీయలేదు. దాని పైన ఇంకేదైనా పెట్టుకుంటారేమోలే అనుకున్నాను.

బస్సులో మామ్మ పుర్రెనీ దవడనీ పాతచీరలో చుట్టి ఒళ్ళో పెట్టుకుంది. పామర్రులో బస్సు మారినప్పుడు ఒకావిడ, "మనవడా?" అని అడిగింది. "చెల్లి" అని చెప్పింది మామ్మ. ఆవిడ లేచి వెనక సీటులోకి వెళ్ళిపోయింది.

ఎక్కడ పెడతావు మామ్మా అని అడిగాను. "మిగతాది ఎక్కడుందో అక్కడే" అంది. మిగతాది బావ చెరువు గట్టులో ఉంది. నేను కలిపించిన చోట.

గట్టు మీదికి మేం వెళ్ళేసరికి చెరువు తవ్వడం అయిపోయింది. పాయ నుంచి నీళ్ళు తోడటానికి మోటారు బిగించి సిద్ధంగా ఉంచారు. బావ పరిగెత్తుకొచ్చాడు.

"ఏంటి మరదలా ఇది? నా గట్టు మీద సమాధా? ఇవాళ నీళ్ళు పెట్టాలి, వారంలో రొయ్యపిల్ల వదలాలి. జనం ఏమనుకుంటారు?"

"నీ గట్టులో సగం మనిషి ఉంది బావా. మిగతా సగం పెట్టడానికొచ్చాం."

"వేల ఏళ్ళు అన్నావు నువ్వే!"

"తప్పు చెప్పాను."

"ఇప్పుడు చెప్తావా? గట్టంతా తొక్కించాక?"

పొక్లెయిన్ తోలే మనిషి గట్టు కింద నిలబడి ఉన్నాడు. మోటారు దగ్గరి నుంచి పనివాళ్ళు పక్కకి జరిగారు. ఒక్కడూ దాని మీద చెయ్యి వెయ్యలేదు. బావ వాళ్ళని చూసి, నన్ను చూసి, "తొందరగా కానివ్వండి" అని గొణిగి దూరంగా వెళ్ళి సిగరెట్టు వెలిగించాడు. అతని బుర్రలో ఉన్న లెక్క ఎప్పుడూ ఒకటే, ఇంకెంతసేపు.

మామ్మ చేతులతోనే గుంట తవ్వింది. పసుపు రాసింది, బొట్టు పెట్టింది. దవడని పుర్రె కింద సరిగ్గా అమర్చి గుంటలో ఉంచింది. మట్టి వెయ్యబోతూ ఆగి నన్ను అడిగింది.

"ఆ పళ్ళలో ఇంకేం కనిపించిందమ్మా నీకు? గాడి కాకుండా?"

కనిపించింది ఉంది. ఆ రోజు గోనెపట్టా ముందు చూశాను. పాతకాలపు కరువు అని నాలో నేను మురిసిపోయి, కూలీలకి చెప్పేంత విషయం కాదని వదిలేశాను. ఇప్పుడు చెప్పాలంటే భయం వేసింది. మళ్ళీ తప్పయితే?

"పై పళ్ళ మీద అడ్డంగా సన్నటి గీత ఉంది మామ్మా. చిన్నప్పుడు, మూడు నాలుగేళ్ళ వయసులో, పెద్ద జబ్బు చేసి ఉండాలి. లేదా తిండి లేక. ఏదని నేను చెప్పలేను."

ఆవిడ వేళ్ళు మడుచుకుంటూ లెక్కపెట్టుకుంది. నాలుగో వేలు దగ్గర ఆగింది.

"తట్టు పోసింది. మా అమ్మ వేటకి వెళ్ళిన మా నాన్న కోసం ఒడ్డునే ఉండిపోయింది. పది రోజులు నేనే చంకనేసుకు తిరిగాను. గంజి కూడా దిగేది కాదు."

అని గుంటలోకి వంగి, ఆ పంటి మీద వేలితో తడిమింది. గీత కనిపించిందో లేదో నాకు తెలియదు. భూతద్దం ఇవ్వనా అని అడగబోయి మానేశాను. నా జీవితంలో నోరు మూసుకుని మంచిపని చేసిన సందర్భాలు తక్కువ, అందులో అదొకటి.

మట్టి వేసింది. నేనూ రెండు దోసిళ్ళు వేశాను. ఆవిడ ఇంటి నుంచి తెచ్చుకున్న బిందెలో నీళ్ళు తల మీద కుమ్మరించుకుంది, చీరంతా తడిసి ఒంటికి అంటుకుపోయేదాకా. అప్పుడు చెల్లెలి పేరు గట్టిగా చెప్పింది. ఏడవలేదు. ఖాళీ బిందె చంకన పెట్టుకుని గట్టు దిగడం మొదలుపెట్టింది.

మేం సగం దిగామో లేదో, బావ తనే వెళ్ళి మోటారు వేసేశాడు.